సీటొచ్చాక ఫీజు ఎవరు కడతారు?

శ్రోతలకు నమస్కారం.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బైపీసీ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఒక్కసారి వింటే చాలు, ఇట్టే పట్టేసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు. "డాక్టర్ చదువుతావా అమ్మా?" అని అడిగితే తల దించుకుంటారు. ఇంటర్ అయ్యాక ఏడాదిపాటు లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపే స్తోమత ఆ ఇళ్లలో ఉండదు. నీట్‌లో ఆ ఒక్క ఏడాది ఎంత తేడా తెస్తుందో పాఠం చెప్పేవాళ్లందరికీ తెలుసు.

పక్క రాష్ట్రం తమిళనాడులోనూ ఇదే బాధ. అక్కడ 2017 నుంచి వైద్య సీట్లు నీట్ ర్యాంకుతోనే ఇస్తున్నారు. అసలే తక్కువగా ఉండే సర్కారు బడి పిల్లలు ఆ తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. వాళ్లకు 10 శాతం సీట్లు ఇవ్వమని జస్టిస్ కలైయరసన్ కమిషన్ చెప్పింది. ప్రభుత్వం 7.5 శాతంతో 2020లో చట్టం తెచ్చింది. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలోనే చదివి, నీట్‌లో అర్హత సాధించినవాళ్లకు ఆ సీట్లు. మొదటి ఏడాదే 300 మందికి పైగా ఎంబీబీఎస్‌లో చేరే వీలు కలిగింది.

అయితే కొందరికి ప్రైవేటు కాలేజీల్లో సీటు వచ్చింది. కూలి చేసే తల్లిదండ్రులు ఆ ఫీజు ఎక్కడి నుంచి తెస్తారు? చేతికందిన సీటును వద్దని రాసిచ్చి వెనక్కి వెళ్లిన పిల్లలున్నారు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది. అప్పుడుగానీ ప్రభుత్వం ముందుకొచ్చి ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఫీజు తానే కడతానని ప్రకటించలేదు. 2022లో మద్రాసు హైకోర్టు కూడా ఈ చట్టాన్ని సమర్థించింది.

మన దగ్గర ఆసిఫాబాద్‌లో, పాడేరులో కూడా మెడికల్ కాలేజీలు వచ్చాయి. చాలా సంతోషం. కానీ పాడేరు కొండల్లో పుట్టిన పిల్ల ఆ కాలేజీ మెట్లెక్కాలంటే ఆమె చదివే బడిలో ఫిజిక్స్ చెప్పే మనిషి ఉండాలి, కోచింగ్ ఉచితంగా దొరకాలి, సీటొచ్చిన రోజు ఫీజు టెన్షన్ ఉండకూడదు. తమిళనాడులాంటి చట్టం మనకూ కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అందాకా మా కాలేజీలో సాయంత్రం నాలుగున్నర నుంచి నీట్ క్లాసు చెబుతున్నాం. మా ఊరి ఆఖరి బస్సు ఆరింటికే. ఆడపిల్లలు క్లాసు సగంలో లేచి వెళ్లిపోతున్నారు. ఆ బస్సును ఏడింటికి మార్చమని మొన్ననే అర్జీ పెట్టాం.

సెలవు. నమస్కారం.