రోహ్‌తాంగ్ కనుమలో మెల్లని నడక

విశాఖ శ్రోతలకు నమస్కారం.

మన ఊరివారికి కొండ కొత్త కాదు. కైలాసగిరి మీద నిలబడి సముద్రాన్ని చూస్తాం, సింహాచలం మెట్లెక్కి అప్పన్నను దర్శించుకుంటాం, చలికాలం రాగానే అరకు రైలెక్కుతాం. అయితే అరకు లోయ సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల లోపే. దానికి నాలుగు రెట్లకు పైగా ఎత్తున, అంటే 3,978 మీటర్ల దగ్గర, హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలీకి 51 కిలోమీటర్ల దూరంలో ఉన్న రోహ్‌తాంగ్ కనుమకు నిరుడు జూన్ నెలలో మా అమ్మను తీసుకువెళ్ళాను. ఆమెకు 68 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పుల వల్ల సింహాచలం మెట్లు ఎక్కడం ఎప్పుడో మానేసింది. అటువంటి మనిషి అంత ఎత్తున తన కాళ్ళతో తాను నడిచింది కాబట్టే ఈ సంగతి మీతో చెప్పాలనిపించింది.

కనుమ శిఖరం కాదు. పర్వతాల వరుసలో అటునుంచి ఇటు దాటడానికి వీలైన పల్లం. అందుకే పూర్వం నుంచీ మనుషులూ గొర్రెల మందలూ దాని మీదుగానే కులూ లోయ నుంచి అవతలి లాహౌల్ లోయకు దాటేవారు. 2020 అక్టోబరులో తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం ప్రారంభమయ్యాక లాహౌల్ వెళ్ళేవారు కిందనుంచే వెళ్ళిపోతున్నారు. ఇప్పుడు పైకి వచ్చేది చాలావరకు కనుమను చూడాలనుకున్నవారే. పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాల తరువాత రోజుకు ఇన్ని వాహనాలని పరిమితి పెట్టారు కాబట్టి అనుమతి ముందుగానే తీసుకోవాలి. మంగళవారాల్లో సాధారణంగా పర్యాటకులను పంపరు.

రోడ్డు దిగాక నడక సులభం. పెద్ద ఎక్కుడు లేదు, గడ్డి, రాళ్ళు, అక్కడక్కడ కరగని మంచు. అసలు జాగ్రత్త పడవలసింది దారి గురించి కాదు, గాలి గురించి. అంత ఎత్తున వాతావరణ పీడనం మన తీరంలో ఉండేదానిలో అయిదింట మూడు వంతులకు కాస్త పైగా మాత్రమే ఉంటుంది. గాలిలో ప్రాణవాయువు వంతు మారదు, కానీ ఒక్కొక్క ఊపిరికి లోపలికి అందేది ఆ మేరకు తగ్గుతుంది. నీళ్ళు కూడా అక్కడ సుమారు 87 డిగ్రీలకే మరిగిపోతాయి. నడిచి ఎక్కినవారికి రోజులు పడుతుంది కాబట్టి శరీరం అలవాటు పడుతుంది. కారు మనల్ని రెండు మూడు గంటల్లో పైకి చేరుస్తుంది, శరీరం మాత్రం ఇంకా కిందనే ఉంటుంది.

అందుకని మేము 2,050 మీటర్ల ఎత్తున్న మనాలీలో రెండు రాత్రులు ఊరికే ఉన్నాం. బయలుదేరే ముందు విశాఖలోనే వైద్యుడికి చూపించుకున్నాం. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు ఈ పని తప్పక చేయాలి. అయినా కారు దిగగానే మంచు చూసిన సంబరంలో అమ్మ గబగబా ఇరవై అడుగులు వేసి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఆగిపోయింది. నాకు కాళ్ళు ఆడలేదు. మా డ్రైవర్ పరుగెత్తకుండా, మామూలుగా నడిచి వచ్చి, "మాతాజీ, ధీరే ధీరే", అంటే మెల్లగా, మెల్లగా అంటూ ఆమెను రాతి మీద కూర్చోబెట్టాడు. పది నిమిషాల్లో ఊపిరి కుదుటపడింది. తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలై తగ్గకపోతే మాత్రం అక్కడే కూర్చుని చూడకూడదు, వెంటనే కిందికి దిగాలి.

ఆ తరువాత అమ్మ పది అడుగులు వేయడం, నిలబడటం, మళ్ళీ పది అడుగులు. అలాగే వ్యాస ఋషి గుడి దాకా వెళ్ళాం. గుమ్మటంలాంటి చిన్న గుడి. బియాస్ నది అక్కడే ఊటగా పుడుతుందంటారు. వేదకాలంలో దాని పేరు విపాశ. బొర్రా దగ్గర పుట్టిన గోస్తని భీమిలిలో సముద్రాన్ని చేరడం చూసిన అమ్మ, ఈ ఊటలో వేళ్ళు ముంచి వెంటనే తీసేసింది. అంత చల్లన.

కనుమ మీద నిలబడి రెండువైపులా చూడటమే అన్నిటికంటే గొప్ప అనుభవమని నా అభిప్రాయం. దక్షిణాన దేవదారు అడవులతో పచ్చని కులూ, ఉత్తరాన చెట్టూ చేమా లేని గోధుమరంగు లాహౌల్. నైరుతి మేఘాలను, ఈ కనుమ ఉన్న పీర్ పంజాల్ పర్వతాలు ఇవతలే ఆపేస్తాయి కాబట్టి ఆ తేడా. ఇటు పడిన చినుకు బియాస్‌లోకి, అటు పడినది చంద్రా నది మీదుగా చీనాబ్‌లోకి వెళుతుంది. ఎంతో దూరం వేరువేరుగా పారి, చివరికి ఆ రెండు నీళ్ళూ సింధు నదిలోనే కలుస్తాయి.

మధ్యాహ్నం దాటితే గాలి విసురు పెరుగుతుంది, అందుచేత తెల్లవారుజామునే బయలుదేరండి. ఎండలో చలిగా ఉన్నా చర్మం కాలిపోతుంది కాబట్టి నల్ల కళ్ళద్దాలు, టోపీ మరవకండి. గుర్రాలవాళ్ళు వెంటబడతారు, నడవగలిగినంత నడవండి.

కనుమలో నీళ్ళన్నీ తాగి, మూత గట్టిగా బిగించి సంచిలో వేసిన ప్లాస్టిక్ సీసాను విశాఖలో మా ఇంటికి వచ్చాక తీశాను. ఎవరో పిడికిట పట్టి నలిపినట్టు లోపలికి నొక్కుకుపోయి ఉంది. పైనున్న పలుచని గాలి దానిలో ఇంకా అలాగే ఉందన్నమాట. ఇప్పుడది మా వంటింటి కిటికీలో ఉంటుంది. వచ్చినవారందరికీ అమ్మ దాన్ని చూపిస్తుంది గానీ, మూత మాత్రం ఎవరినీ తీయనివ్వదు.