గడ్డం దాకా వచ్చే స్కీతో పార్క్‌లోకి వెళ్తున్నారా? ఆగండి!

పోయిన వీడియోలో నేనన్నది ఒక్కటే మాట. పార్క్‌లో, అంటే స్కీ కొండ మీద జంప్‌లూ ఇనుప కమ్మీలూ పెట్టిన చోట, జంప్‌లు కొట్టాలంటే నిలబెట్టిన స్కీ మీ తలెత్తు ఉండాలి, గడ్డం దాకా వచ్చేది వద్దు అని. అంతే, కామెంట్లలో దండయాత్ర! "అన్నా, చిన్న స్కీ అయితేనే కదా గాల్లో గిర్రున తిరిగేది" అని ఒకరు. "షాప్‌వాడికి తెలీదు, నీకే తెలుసు మరి" అని ఇంకొకరు.

షాపాయనకి తెలుసండీ! కాకపోతే ఆయన ముందు నిలబడేది అమెరికాలోని స్కీ కొండ బ్రెకెన్‌రిడ్జ్‌కి మొదటిసారి వచ్చినవాళ్ళు. స్కీ నిలబెడతాడు, గడ్డం దగ్గర చెయ్యి అడ్డం పెడతాడు, "తీసుకోండి" అంటాడు. మలుపు తిరగడం నేర్చుకునేవాళ్ళకి అది చక్కగా సరిపోతుంది. అదే కొలత పట్టుకెళ్ళి పెద్ద జంప్ ఎక్కితే ఎట్లా?

లెక్క చెప్తా. మీ ఎత్తు 170 సెంటీమీటర్లు, అంటే ఐదడుగుల ఏడంగుళాలు అనుకుందాం. కె2 పోచర్ అనే పార్క్ స్కీ 170లోనూ వచ్చింది, 177లోనూ వచ్చింది. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ని నట్టనడుమ బిగిస్తే, ఒక సైజు పెంచినందుకు తేడా ముందు మూడున్నర, వెనక మూడున్నర సెంటీమీటర్లు. ఈ మూడున్నరకేనా ఇంత గోల?

ఇంకా వినండి. 170 మీద బైండింగ్‌ని మధ్య నుంచి 6 సెంటీమీటర్లు వెనక్కి బిగించారనుకోండి. ముందు భాగం 91 అవుతుంది. అదే 177 మీద సరిగ్గా మధ్యలో బిగిస్తే? 88.5! పెద్ద స్కీకి ముక్కు చిన్నదైంది! "స్పిన్ రావట్లేదు, స్కీ పొడవెక్కువైంది" అని ఏడ్చేవాళ్ళు ముందు బైండింగ్ ఎక్కడుందో చూసుకోండి.

సరే, తిరిగారు. దిగాలి కదా? జంప్ దిగేటప్పుడు మనలాంటి వాళ్ళం చాలాసార్లు కాస్త వెనక్కి వాలిపోతాం. అప్పుడు ఆదుకునేది మడమల వెనకున్న స్కీ. అది పొట్టిగా ఉంటే వెనక కాళ్ళు లేని కుర్చీలో కూర్చున్నట్టే. వీపు ముందుకి పెట్టి స్విచ్‌లో దిగితే ఇంకా ఘోరం, ఎందుకంటే అప్పుడు ఆ తోకే మీకు ముక్కు.

అసలు తోక కూడా పైకి వంగిన స్కీ ఎందుకొచ్చింది? అంతకుముందు చాలా స్కీలకి వెనక భాగం చదునుగా ఉండేది, వెనక్కి దిగితే మంచులో గుచ్చుకునేది. స్కీయర్ మైక్ డగ్లస్, ఆయన కెనడా స్నేహితులు పట్టుబడితే సాలమన్ కంపెనీ 1998లో టెన్ఎయిటీ అనే స్కీ తెచ్చింది. 1080 డిగ్రీలంటే గాల్లో మూడు పూర్తి చుట్లు, పేరులోనే పొగరు! 2014 సోచి ఒలింపిక్స్‌లో ఇట్లా జంప్‌లు, కమ్మీల మీద విన్యాసాలు చేసే స్లోప్‌స్టైల్ స్కీయింగ్ మొదటిసారి వచ్చేసరికి అందరి కాళ్ళకీ ఇట్లాంటివే.

అయితే ఆ వంపుకో ఖర్చు ఉంది. ఇంట్లో చూడండి. రెండు స్కీల అడుగులు ఎదురెదురుగా కలిపి నడుం దగ్గర గట్టిగా నొక్కండి. రెండు చివర్లా నోరు తెరుచుకుంటాయి. మంచుని పట్టుకునేది ఆ మధ్యలో అతుక్కున్న భాగమే. దాని మీద 170 అని రాసుంటుంది, పనిచేసేది అంత ఉండదు. పైగా కొన్ని కంపెనీలు కొస నుంచి కొసకి తిన్నగా టేపు లాగుతాయి, కొన్ని వంపు వెంబడి కొలుస్తాయి. ఇంకేం నమ్ముతారు ఆ అంకెని?

రోజంతా రెయిల్స్ (ఆ ఇనుప కమ్మీలు) మీద జారడమే మీ పని అయితే చిన్నది కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. బక్కపలచగా ఉన్నవాళ్ళు కూడా ఒక సైజు దిగొచ్చు, ఎందుకంటే స్కీని వంచేది ఎత్తు కాదు, బరువు. ఎనభై కిలోలుండి గడ్డం దాకా స్కీ వేసుకుని జంప్‌ల లైన్‌లో నిలబడే తమ్ముళ్ళకే నా కోపమంతా!

బైండింగ్ బిగించే రోజు మాత్రం షాప్‌లో వదిలేసి కాఫీకి వెళ్ళిపోకండి. "మధ్య నుంచి ఎన్ని సెంటీమీటర్లు?" అని అడిగి, గీత మీ కళ్ళ ముందే గీయించండి. డ్రిల్ దిగిందా, ఇక జరపాలంటే పక్కన ఇంకో రంధ్రమే.