చుట్ట ముట్టనివాళ్ళకీ గొంతు క్యాన్సరా?

[దృశ్యం: విశాఖ పెద జాలరిపేట సందు, పొద్దున్నే. అరుగు మీద ఒక మామ్మ చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోకి తిప్పుకుంటుంది.]

మన ఉత్తరాంధ్రలో దీన్ని అడ్డపొగ అంటారు. అంగిలి క్యాన్సర్‌కి ఇదొక పాత కారణం. ఇక్కడ నోటి క్యాన్సర్ అనగానే చుట్ట, గుట్కా, ఖైనీ, మందు గుర్తొస్తాయి. అది సబబే.

మరి ఇవేవీ ముట్టని మనిషికి టాన్సిల్ క్యాన్సర్ అని రిపోర్టు వస్తే? ఒక్కోసారి దాని వెనక ఉండేది వైరస్.

[బొమ్మ: టాన్సిల్, దాని మీద సన్నటి గుంటలు]

దీని పేరు హెచ్‌పీవీ, అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. ఆడవాళ్ళలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చేది ఇదే. ఇందులో రకాలు చాలా ఉన్నా గొంతు విషయంలో ముఖ్యమైన దొంగ 16వ రకం. టాన్సిల్ గుంటల్లోనూ, నాలుక మొదట్లోనూ నక్కుతుంది. మన కణాలకి పీ53 అని ఒక కాపలాదారు, ఆర్‌బీ అని ఒక బ్రేకు ఉంటాయి. వైరస్ చేసే ఈ6 ప్రోటీన్ కాపలాని మాయం చేస్తుంది, ఈ7 బ్రేకుని పనిచేయకుండా చేస్తుంది. అరకు ఘాట్‌లో దిగుతున్న లారీకి బ్రేకులు పోయినట్టే.

ఎలా సోకుతుంది? ఎక్కువగా నోటితో జరిగే లైంగిక సంబంధం వల్ల. ఇంట్లో అందరూ కూర్చుని చూస్తుంటే ఇబ్బందే, సౌండు తగ్గించుకోండి. సోకినవాళ్ళలో చాలామందికి ఏడాది రెండేళ్ళలో దానంతటదే పోతుంది. మిగిలిపోయిన కొద్దిమందిలో క్యాన్సర్‌గా మారడానికి పదేళ్ళు, ఇరవై ఏళ్ళు, అంతకన్నా ఎక్కువ కూడా పట్టొచ్చు. అందుకే రిపోర్టు పట్టుకుని మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు అనుమానించుకోవద్దు.

ఇంకో వైరస్ ఈబీవీ, అంటే ఎప్‌స్టీన్-బార్ వైరస్, 1964లో బయటపడింది. చిన్నప్పుడే ఎంగిలి ద్వారా దాదాపు అందరికీ సోకేస్తుంది. ముక్కు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్‌తో దీనికి సంబంధం ఉంది. దక్షిణ చైనాలో, మన నాగాలాండ్‌లో ఆ క్యాన్సర్ ఎక్కువ. ఇటువైపు తక్కువే.

హెచ్‌పీవీ వల్ల వచ్చిన గొంతు క్యాన్సర్ వైద్యానికి బాగా లొంగుతుంది. అందుకే బయాప్సీ ముక్కకి, హెచ్‌పీవీ జాడ చెప్పే పీ16 పరీక్ష చేస్తారు. కాకపోతే ఆ రోగి పొగ కూడా తాగితే ఆ లాభం తగ్గుతుంది. టీకా 9 నుంచి 14 ఏళ్ళ లోపు వేయిస్తే మంచిది, అబ్బాయిలకీ వేయించొచ్చు. అప్పటికే సోకిన వైరస్‌ని మాత్రం అది తీసేయలేదు.

[దృశ్యం: అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న చెయ్యి దవడ కింద ఆగుతుంది.]

చాలామందికి మొదట తగిలేది ఇదే, నొప్పి లేని గడ్డ. మూడు వారాలైనా కరగకపోతే మెడికల్ షాపులో మాత్రలు మార్చి మార్చి మింగకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. క్యాన్సర్ అని తేలితే మన విశాఖ అగనంపూడిలోనే టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి ఉంది.