తెర మీది ధర, మన కాగితం మీది ధర

అందరికీ నమస్కారం.

ఆ మధ్య మా ఇంట్లో వాషింగ్ మెషీన్ పాడైంది. ఆన్‌లైన్‌లో కొత్తది చూసి, రాత్రి పడుకునే ముందు కార్ట్‌లో పెట్టాను. పొద్దున లేచి చూస్తే ధర పెరిగింది. ఆగితే ఇంకా పెరుగుతుందేమోనని టెన్షన్, ఇప్పుడే కొంటే రేపు తగ్గుతుందేమోనని ఇంకో టెన్షన్. మీలో ఈ అవస్థ పడనివాళ్ళు తక్కువే ఉంటారు.

ఆ రోజే ఒక పాత నోట్‌బుక్ తీసి, రోజూ పొద్దున్నే ధర రాయడం మొదలుపెట్టాను. మొదటి రాత్రి చూసిన ధరను 100 అనుకోండి. పొద్దునకు 104. నాలుగు రోజులు అక్కడే ఉంది. ఆ తర్వాత ఒక రోజు 97కి దిగింది, రెండు రోజులకే 108కి ఎక్కింది. సేల్ దగ్గరపడేసరికి 118. సేల్ రోజున 137 అని రాసి, దాన్ని కొట్టేసి, పక్కన పెద్ద అక్షరాలతో "30 శాతం తగ్గింపు" అని 96కి పెట్టారు. మూడు వారాల నా లెక్కలో 137 అనే అంకె ఒక్కసారి కూడా లేదు. ఏ ప్రకటనా లేకుండా 97కి దిగిన ఆ మామూలు రోజుకూ, అంత హడావుడి చేసిన సేల్‌కూ తేడా ఒకటంటే ఒకటే.

మరి ఆ 137 ఎందుకు? మన కంటికి ముందు ఏ అంకె పడితే మన అంచనా దానివైపే ఒరుగుతుందని ట్వెర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లోనే చూపించారు. 137 చూసిన కళ్ళకు 96 చవకగా కనబడుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుంచి ఒక నిబంధన అమల్లో ఉంది. తగ్గింపు ప్రకటిస్తే, అంతకుముందు కనీసం 30 రోజుల్లో అమ్మిన అతి తక్కువ ధర ఎంతో చెప్పాలి. తగ్గింపు శాతాన్ని కూడా ఆ ధర మీదే లెక్క కట్టాలని 2024లో అక్కడి న్యాయస్థానం తేల్చింది. ఆ లెక్కన నేను చూసిన 30 శాతం నిజానికి ఒక్క శాతం. ఇలాంటి రక్షణ ప్రతి కొనుగోలుదారుడికీ అందాలని నేను గట్టిగా కోరుకుంటాను. అది లేనిచోట మన నోట్‌బుక్కే దిక్కు. అమెజాన్ ధరల చరిత్రను కీపా, కేమెల్‌కేమెల్‌కేమెల్ లాంటి సైట్లు గ్రాఫ్ గీసి చూపిస్తాయి. మనం చెప్పిన ధరకు దిగితే కబురు, అంటే అలర్ట్, కూడా పంపుతాయి.

ధర ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గిందని బుర్ర బద్దలు కొట్టుకోకండి. చాలాచోట్ల ధరలు మార్చేది ప్రోగ్రాములే. 2011లో అమెజాన్‌లో ఇద్దరు అమ్మకందార్ల ధరలు ఒకదాన్ని చూసి ఒకటి మారాయి. ఒకరిది అవతలి ధరకు కాస్త తక్కువ, రెండోవారిది దానికి 1.27 రెట్లు. అలా ఎక్కి ఎక్కి, ఈగల మీద రాసిన ఒక జీవశాస్త్ర పుస్తకం ధర 2.36 కోట్ల డాలర్లు దాటింది.

అందరికీ ఒకే ధర చూపిస్తారా అని కూడా అడుగుతుంటారు. అన్నిసార్లూ కాదు. 2000లో అమెజాన్ ఒకే డీవీడీని వేర్వేరు మనుషులకు వేర్వేరు ధరకు అమ్మింది. విమర్శలొచ్చాక 6,896 మందికి తలా సగటున 3.10 డాలర్లు వెనక్కిచ్చింది. అందుకే పెద్ద వస్తువైతే లాగౌట్ చేసి ఒకసారి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో ఒకసారి చూడండి. డెలివరీ ఖర్చులు కలిశాక చివరి పేజీలో వచ్చే మొత్తాన్నే పోల్చండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఆ మూడు వారాలూ ఇంట్లో బట్టలు చేత్తో ఉతికింది మా అమ్మ. సాయంత్రానికి నడుం పట్టుకుని కూర్చునేది. నేను రోజూ పొద్దున్నే అంకె రాసుకున్నానే గానీ, ఆ నొప్పిని ఏ లెక్కలోనూ వేయలేదు. 97కి దిగిన రోజే కొనుంటే ఆవిడకు రెండు వారాల కష్టం తప్పేది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటినుంచి ఏది కొనాలన్నా కాగితం మీద రెండు రాసుకుంటున్నాను: ఎంతకు దిగితే కొంటాను, ఏ తేదీ వరకు ఆగుతాను. ఆ ధర వస్తే ఆ క్షణమే కొనేస్తాను. రాకపోతే, ఆ తేదీన ఎంత ఉంటే అంతకు కొంటాను. లేదా అది లేకున్నా గడుస్తుందని తేలితే మానేస్తాను. అత్యవసరమైన వస్తువుకు ఆ తేదీ ఈరోజే కావచ్చు.

కొన్నాక, వాపసు గడువు ముగిసేలోపు ఒక్కసారి ధర చూడండి. తగ్గి ఉంటే తేడా ఇమ్మని అడగండి, కొందరు ఇస్తారు. ఆ తర్వాత అలర్ట్ తీసేయండి.

మీ ముందున్న కాగితం అందుకే పెట్టించాను. ఫోన్ తీసి, మీ కార్ట్‌లో ఎన్నాళ్ళుగానో ఉన్న ఒక వస్తువు పేరు రాయండి. ధర చూడకముందే మీ అంకె రాయండి, పక్కన తేదీ వేయండి. ఐదు నిమిషాలు ఆగుతాను.