టికెట్ లేని కోట! డునమేస్ చూద్దాం రండి | ఐర్లాండ్ వ్లాగ్

హాయ్ అండి, అందరూ బాగున్నారా? ఫోన్ చేసినప్పుడల్లా మా అత్తయ్య "అక్కడ కోటలు చాలా ఉంటాయట కదమ్మా, ఒక్కటైనా చూపించవేం" అంటున్నారు. అందుకే ఈ ఆదివారం వంట వీడియో లేదు. లీష్ కౌంటీలో ఉన్న డునమేస్ కోటకి వెళ్తున్నాం.

పొద్దున్నే బయల్దేరాల్సింది. ఇండియన్ షాపులోకి గోంగూర వచ్చిందని వాట్సాప్ గ్రూపులో చూశాక ఇక ఆగలేం కదా! కట్ట మూడు యూరోలు. యూరో వంద రూపాయలు అనుకున్నా మూడొందలు. అయినా తీసుకున్నాం, మళ్ళీ ఎప్పుడొస్తుందో ఏమో. అది ఇంట్లో పెట్టి, పులిహోర డబ్బా సర్దుకుని కదిలేసరికి పన్నెండు దాటింది. డబ్లిన్ నుంచి ఎం7 రోడ్డు మీద గంట ప్రయాణం.

ఈ దేశంలో ఎటు వెళ్ళినా పొలాల మధ్య ఎత్తైన రాతి కట్టడం ఒకటి మొండిగా నిలబడి కనిపిస్తుంది. టవర్ హౌస్ అంటారు. ఎక్కువగా 15, 16 శతాబ్దాల్లో అక్కడి పెద్ద కుటుంబాలు కట్టుకున్న ఇళ్ళు. కింద సామాన్లు, పైన కాపురం. ఇప్పుడు చుట్టూ ఆవులు మేస్తుంటాయి.

ఇదిగో, వచ్చేశాం. మైదానంలోంచి సుమారు 46 మీటర్లు లేచిన సున్నపురాతి గుట్ట. కింద చిన్న చర్చి, దాని దగ్గరే కారు పెట్టేశాం. టికెట్ లేదు, కాపలా లేదు, కొబ్బరిబోండాల బండి అసలే లేదు! కాఫీకి నాలుగు యూరోలు, అంటే నాలుగొందలు పెట్టే చోట కోట ఉచితం. నాకు ఇది భలే నచ్చింది. ఎవరూ లేకుండా మనమే గోడ మీద చెయ్యేసి నిలబడొచ్చు.

ఈ బాణాల కంత దగ్గరగా చూపిస్తాను. బయటి నుంచి చూస్తే నిలువు చీలిక, అరచెయ్యి కూడా పట్టదు. లోపలి వైపు మాత్రం గోడని వెడల్పుగా చెక్కారు, విలుకాడు నిలబడి పక్కకి తిరిగి గురి చూసేంత జాగా. కిందికి వాలుగా కొట్టడానికి అంచు కూడా ఏటవాలుగా దిగుతుంది. ఎంత ఆలోచించి కట్టారండీ!

పైన గాలి విపరీతం. పులిహోర గోడ చాటున కూర్చుని తిన్నాం. పడమటి వైపు నీలంగా కనిపించేవి స్లీవ్ బ్లూమ్ కొండలు. ఇలా పక్కకి ఒరిగిపోయిన పెద్ద పెద్ద గోడ ముక్కలు ఉన్నాయే, అవి వాటంతట అవి పడలేదు. 1650లో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం ఈ కోట ఇంకెవరికీ పనికిరాకుండా పడగొట్టేసింది.

అసలు నేను చెప్పాలనుకున్నది ఈఫా గురించి. ఐర్లాండ్ తూర్పు వైపున్న లెన్‌స్టర్‌కి రాజు డెర్మట్ మెక్‌మరో. 1166లో రాజ్యం పోగొట్టుకుని, ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని ఏలుతున్న నార్మన్ల సాయం అడిగాడు. స్ట్రాంగ్‌బో అనే ప్రభువుకి కూతురు ఈఫానిస్తాను, నా తర్వాత రాజ్యం నీదే అన్నాడు. 1170లో వాటర్‌ఫర్డ్‌లో పెళ్ళయింది. ఆ పెళ్ళితో పసుపుకుంకుమ కింద ఈ గుట్ట కూడా అల్లుడి చేతికి వచ్చిందని చెప్తారు. వాళ్ళ కూతురు ఇసబెల్. 1189లో ఆమెని పెళ్ళి చేసుకున్న ఇంగ్లండ్ వీరుడు విలియం మార్షల్‌కి నలభై దాటాయి, ఆ పిల్లకి ఇరవై కూడా లేవు. కోట మళ్ళీ కూతురి వెంటే వెళ్ళింది.

మా నాన్న నాకూ పసుపుకుంకుమ కింద ఎకరం రాసిచ్చారు. కౌలుకిచ్చాం. గట్టు మీద నిలబడి చూసి చాలా కాలమైంది... సరే, ఆ సంగతి వదిలేయండి.

1207లో ఇంగ్లండ్ రాజు జాన్ పిలిస్తే మార్షల్ అక్కడికి వెళ్ళాల్సి వచ్చింది. అప్పుడు ఇసబెల్ నిండు గర్భిణి. మార్షల్ ఆమె చెయ్యి పట్టుకుని సామంతుల ముందుకు తీసుకొచ్చి, ఇక్కడ నాకున్నదంతా ఈమె వల్ల వచ్చిందే, పుట్టుకతో మీ దొరసాని ఈమే, కాపాడుకోండి అన్నాడట. ఆయన పోయిన కొన్నేళ్ళకే రాసిన జీవితచరిత్రలో ఉంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఒక మొగుడు నలుగురిలో ఆ మాట ఒప్పుకున్నాడంటే నాకు చాలా గొప్పగా అనిపించింది. వీడియో తీస్తున్న మా ఆయన కూడా తలూపుతున్నారు చూడండి.

ఈఫా పెళ్ళి బొమ్మ డబ్లిన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. 1854లో డేనియల్ మాక్లీస్ వేశారు, గోడంత పెద్దది. యుద్ధంలో పడిపోయిన మనుషుల మధ్య పెళ్ళికూతురు తల వంచుకుని నిలబడి ఉంటుంది. ఆ గ్యాలరీకీ టికెట్ లేదు. వీలైతే వచ్చే ఆదివారం అక్కడికే వెళ్దాం. ఉంటానండి, బై!