దాత వయసు, గ్రహీత చూపు

అందరికీ నమస్కారం. కార్నియా మార్పిడి అయిన మర్నాడు కట్టు విప్పగానే చాలామంది అడిగే మాట ఒకటుంది: "నాకు పెట్టింది ఎంత వయసువారి కన్ను డాక్టరుగారూ?" డెబ్బై అంటే ముఖం చిన్నబోతుంది.

పెట్టింది కన్ను కాదు లెండి. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా అమరి ఉండే కార్నియా మాత్రమే. దాని మందం అర మిల్లీమీటరు. లోపలి వైపున ఒకే ఒక్క వరుసలో ఎండోథీలియం కణాలు పరుచుకుని ఉంటాయి. కార్నియాలోకి ఊరే నీటిని నిరంతరం తోడిపోయడమే వాటి పని. అవి అలసిపోతే కార్నియా ఉబ్బి మసకబారుతుంది. చిక్కేమిటంటే ఆ కణాలు మళ్లీ పుట్టవు. ఒకటి పోతే పక్కవి సాగి ఆ ఖాళీని కప్పుతాయి, అంతే. యౌవనంలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 3,000 ఉండేవి ఏటా కొద్దికొద్దిగా తరిగిపోతాయి. కాబట్టి రోగి అడిగింది అర్థంలేని ప్రశ్నేమీ కాదు.

అమెరికాలో 2000లో మొదలైన కార్నియా డోనర్ స్టడీ ఈ ప్రశ్ననే పట్టుకుంది. పూర్తి మందం కార్నియా మార్చిన వెయ్యిమందికి పైగా రోగులను ఏళ్ల తరబడి గమనించారు. ఐదేళ్లకు చూస్తే 65 ఏళ్లలోపు దాతలవీ, 66–75 ఏళ్లవారివీ సమానంగా 86 శాతం నిలిచాయి. పదేళ్లకు అవి 77, 71 శాతం. గణాంకాల లెక్కలో ఆ తేడాకు బలం లేదు. వయసులను ఇంకా విడదీస్తే మాత్రం 34లోపు దాతలవి 96 శాతం, 72 నుంచి 75 ఏళ్లవారివి 62 శాతం నిలిచాయి. మధ్యలో ఉన్నవారందరివీ కలిపి 75 శాతం. అంటే వయసు ప్రభావం అంచుల దగ్గరే గట్టిగా కనిపించింది. పైగా 2,300కు తక్కువ కణాలున్న కార్నియాలను ఆ అధ్యయనంలోకి తీసుకోనే లేదు. ఇది మరిచి అంకెలు చెప్పేవారిని నమ్మకండి.

ఇక, కార్నియా నిలవడం వేరు, చూపు రావడం వేరు. కుట్లు ఒకవైపు బిగిస్తే స్వచ్ఛమైన కార్నియాలోంచి కూడా అక్షరాలు సాగినట్టు కనిపిస్తాయి. వెనక రెటీనా దెబ్బతిని ఉంటే ఇరవై ఏళ్ల కార్నియా మాత్రం ఏం చేస్తుంది?

ఇప్పుడు డీమెక్ పద్ధతిలో లోపలి పలుచని పొరను మాత్రమే మారుస్తున్నాం. దాత కార్నియా నుంచి ఒలవగానే అది చుట్ట చుట్టుకుపోతుంది. కంటి లోపలికి పంపాక పైనుంచి మెల్లగా తడుతూ, గాలిబుడగ సాయంతో విప్పాలి. కుర్రవారి పొర పలుచన, చుట్ట బిగువు. ఒక అంచు విప్పితే రెండోది ముడుచుకుంటుంది. పెద్దవారి పొర కాస్త మందం, తడితే విచ్చుకుంటుంది. నేత్రనిధి నుంచి ఫోను చేసి "ముప్పై ఏళ్ల దాతది ఉంది, పంపమంటారా?" అంటే, "అరవై దాటినది లేదా?" అని అడిగేది నేనే.