విరిగిన చీపురు పుల్ల

అందరికీ నమస్కారం. మనసులో నడిచే సంభాషణల గురించి మాట్లాడమనగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో మధ్యాహ్నం పూట అమ్మ వీధరుగు మీద కూర్చుని అడ్డాకు విస్తళ్లు కుట్టేది. సీతంపేట వైపు నుంచి వచ్చిన ఆకులు, సన్నగా చీల్చిన చీపురు పుల్లలు. కుడుతుంటే పెదాలు కదిలేవి, మాట మాత్రం బయటికి వచ్చేది కాదు. ఉన్నట్టుండి చేతిలో పుల్ల పుటుక్కున విరిగేది. ఎవరితో మాట్లాడుతున్నావమ్మా అని ఓసారి అడిగాను.

"మీ నానమ్మతోనే. పెళ్లయిన కొత్తలో, బంతిలో అందరూ వినేలా, పులుసులో ఉప్పెయ్యడం మీ అమ్మ నేర్పలేదా అంది. అప్పుడు నోరు పెగల్లేదు."

అప్పటికి నానమ్మ పోయి పదకొండేళ్లు.

ఇది పిచ్చి కాదండీ. పిల్లలు ఆడుకుంటూ పైకే మాట్లాడుకుంటారు చూడండి, ఆ మాటే పెద్దయ్యాక లోపలికి వెళ్లి ఆలోచనలో భాగమవుతుందని రష్యా మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1934లో వచ్చిన పుస్తకంలో వివరించారు. ఇంటర్వ్యూకి వెళ్లేముందు, అప్పు అడగబోయేముందు మాటలు కూర్చుకోవడం మంచిదే. అయిపోయినదాన్ని తిరగదోడడమే మనిషిని తినేస్తుంది. నిరుడు ఒక మీటింగులో పై అధికారి నా మాటను మధ్యలో తుంచేశారు. వారం రోజులు బస్సులో, స్నానాల గదిలో ఆయనతో వాదించాను. చివరికి తెలిసిందేమిటంటే, ఆయన మాటలు కూడా నేనే అల్లుతున్నాను. ఎంత కఠినంగా కావాలంటే అంత కఠినంగా!

మనస్తత్వ పరిశోధకురాలు ఎరికా బూత్‌బీ, ఆమె సహచరులు 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో, కొత్తవాళ్లు ఇద్దరిద్దరు కలిసి మాట్లాడుకున్నారు. ఎదుటివాళ్లకు నేను అంతగా నచ్చలేదేమో అని చాలామంది అనుకున్నారు. నిజానికి వాళ్లు అనుకున్నదానికంటే ఎక్కువే నచ్చారు. ఒకే చోట కలిసి ఉంటున్న కాలేజీ విద్యార్థుల్లో కూడా ఈ తేడా నెలల తరబడి కనిపించింది. నాకు ఇది చదివాక మనసు తేలికపడింది, అందుకే మీకూ చెబుతున్నాను. ఈ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టనివాళ్లు దయచేసి దాచుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులేమీ పడవు.

ఆ పులుసు సంగతి ఆమధ్య టెక్కలిలో ఉన్న మా మేనత్తను అడిగాను. ఆవిడకు బాగా గుర్తుంది.

"ఆరోజు ఉప్పు మర్చిపోయింది మా అమ్మేరా. నలుగురిలో ఒప్పుకోలేక కోడలి మీదికి తోసేసింది. పాపం, ఆ పిల్లని అలా అన్నానే అని ఎన్నిసార్లు అనుకునేదో, పశువుల సాలలో పేడ తీస్తూ ఒక్కర్తీ గొణుక్కునేది."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. చేతిలో ఆకు అలాగే పట్టుకుని చాలాసేపు ఊరుకుంది.

"మరి నాతో అనలేదేటి?" అంది.